పొరుగూళ్ళో పెరిగిన వ్యాపారం: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు



ఇంట్లో కుర్రవాడెవరైనా వ్యాపారం పెడతానంటే పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "పెట్టుబడి ఏదిరా?" అని. అదే మరో రాష్ట్రం వెళ్ళి పెడతానంటే రెండో ప్రశ్న కూడా వస్తుంది. "అక్కడ మనకెవరున్నారు? వాళ్ళ భాష నీకు వచ్చా?" అని. షోలాపూరులో మగ్గం మీద బతికిన కుటుంబాల్లోనూ, బళ్ళారి, కోలారు, హోసూరు బజార్లలో కొట్లు నడిపినవారి ఇళ్ళల్లోనూ, బరంపురం, రాయగడ వీధుల్లోనూ ఈ రెండు ప్రశ్నలు తరతరాలుగా వినబడుతున్నవే. మీ తాతలనో ముత్తాతలనో ఎవరో ఒకరు ఈ మాటలు అడిగే ఉంటారు. వారు వాటికి నోటితో జవాబు చెప్పి ఉండరు. మూట కట్టుకుని బయలుదేరి ఉంటారు, అంతే.

అలా బయలుదేరినవారిలో చాలామంది పేర్లు చరిత్రలో లేవు. బొంబాయిలో కామాటిపుర అనే పేటకు ఆ పేరు తెలుగు ప్రాంతాల నుంచి కట్టడాల పనికి వెళ్ళిన కామాటీల వల్ల వచ్చింది. నగరం కట్టిన చేతుల గుర్తుగా మిగిలింది ఆ పేట పేరు ఒక్కటే, మనుషుల పేర్లు కావు. అయితే అదే బొంబాయిలో వ్యాపారం పెట్టి, పేరూ పనీ రెండూ మిగిల్చుకున్న తెలుగువాడు ఒకాయన ఉన్నారు. వారి జీవితం చాలావరకు కాగితం మీద ఉంది గనుక, పరాయి ఊళ్ళో వ్యాపారం నిలబెట్టడంలో పట్టుదల అనేది ఏం చేస్తుంది, ఏం చేయదు అన్న సంగతి వారి కథలో పరిశీలించవచ్చు. వారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. దేశోద్ధారకుడని, విశ్వదాత అని మీరు విన్న పేరే. ఈనాటి ప్రసంగంలో ఆ బిరుదులను కొంచెం పక్కన పెట్టి, వ్యాపారి నాగేశ్వరరావుగారిని చూద్దాం. ఆ వ్యాపారి లేకపోతే ఆ దాత లేడు.

పంతులుగారు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. బందరులో చదువు, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అప్పట్లో ఆ కాలేజీకి మిల్లరు దొర ప్రిన్సిపాలు. 1891లో నాగేశ్వరరావుగారు పట్టభద్రులయ్యారు. ఆ కాలంలో బి.ఏ. అంటే ఏమిటో ఒక్క క్షణం తలచుకోండి. జిల్లాకు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. కలెక్టరు కచేరీలో ఉద్యోగమో, బడిలో పంతులు పనో, ఇంకొంచెం చదివితే ప్లీడరు బోర్డో చేతికందే దూరంలో ఉండేవి. అంతటి పట్టా పుచ్చుకున్న కుర్రవాడు సర్కారు కొలువు వద్దని సరుకు అమ్ముకుంటానంటే ఆనాటి మర్యాదస్థుల ఇళ్ళల్లో అది గౌరవం తగ్గే పనే. లోకం ఏమనుకుంటుందో అన్న బెదురు దాటడమే ఆయనకు మొదటి పరీక్ష అయి ఉంటుందని నా అభిప్రాయం. పెట్టుబడి కరువు ఆ తరువాతి సంగతి.

పెట్టుబడి కరువు కూడా నిజమే. మనకంటూ ఒక బ్యాంకు, అంటే పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు, 1923 దాకా రానే లేదు. 1891లో వ్యాపారానికి అప్పు కావాలంటే షావుకారు గడప తొక్కాలి. భూమి తనఖాకు ఇచ్చే షావుకారు, కొత్త ఆలోచన తనఖాకు ఇస్తాడా?

నాగేశ్వరరావుగారు మొదట మద్రాసులో ప్రయత్నించారు. కుదురుకోలేదు. కలకత్తా వెళ్ళారు. కలకత్తా అప్పుడు దేశానికి రాజధాని. దేశవాళీ మందుల తయారీకి కూడా అక్కడ నాంది పడుతున్న రోజులవి. ప్రఫుల్లచంద్ర రాయ్ బెంగాల్ కెమికల్ సంస్థకు పునాది వేసింది 1892లోనే. మన పంతులుగారికి కలకత్తా కూడా స్థిరపడే చోటు కాలేదు. అక్కడి నుంచి బొంబాయి. అక్కడ ఒక కంపెనీ కార్యాలయంలో ఉద్యోగానికి కుదిరారు. రెండేళ్ళలో మూడు మహానగరాలు, చివరికి మళ్ళీ జీతగాడు! ఎలకుర్రులో బంధువులు ఏమనుకుని ఉంటారో మీరే ఊహించండి. "చెప్తే విన్నాడా?" అనే ఉంటారు.

ఇక్కడ మనం కొంచెం ఆగాలి. పట్టుదల అనగానే మనలో చాలామంది, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడిని తలచుకుంటారు. అది మొండితనం. మొండివాడు మద్రాసులోనే కూర్చుని, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, ఊరు నన్ను అర్థం చేసుకోలేదని నిందించేవాడు. నాగేశ్వరరావుగారు ఊరు మార్చారు, పని మార్చారు, అవసరమైతే ఒకరి కింద కొలువు చేయడానికీ వెనుదీయలేదు. ఆయన మార్చుకోనిది ఒక్కటే: ఎప్పటికైనా సొంత వ్యాపారమే చేయాలన్న నిశ్చయం. కంపెనీలో ఉద్యోగం ఆయనకు జీతంతో పాటు బొంబాయి బజారు లోతుపాతులు నేర్పింది. సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఎవరి మాట నమ్మవచ్చు, అరువు ఎన్నాళ్ళు ఆగుతుంది అన్నవి పుస్తకాల్లో దొరికే విద్యలు కావు కదా.

1893లో, 26వ ఏట, ఆయన బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. తలనొప్పికి, ఒళ్ళు నొప్పులకు, జలుబుకు రాసుకునే పసుపుపచ్చని లేపనం. ఈ సరుకునే ఎందుకు ఎన్నుకున్నారు? దీన్ని కొంచెం విడమరిచి చూస్తే ఆయన వ్యాపార బుద్ధి తెలుస్తుంది.

నొప్పి లేపనంలో ఉండేవి ముఖ్యంగా కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం, వింటర్ గ్రీన్ తైలం వంటి ఘాటు ద్రవ్యాలు. చర్మానికి తగలగానే ముందు చల్లగా, తరువాత వెచ్చగా అనిపిస్తాయి. ఆ మంటా చల్లదనమూ మనసును లోపలి నొప్పి మీది నుంచి మళ్ళిస్తాయి. ఇది రోగాన్ని మూలం నుంచి పెరికివేసే మందు కాదు, బాధ తగ్గించేది. వ్యాపారి దృష్టితో చూడండి: పెద్ద యంత్రాలు అక్కరలేదు. కొలవడం, కలపడం, సీసాల్లో పోయడం, చీటీ అంటించడం. సరుకు చెడిపోదు. సీసా చిన్నది, రైలులో పంపినా, పోస్టులో పంపినా దారి ఖర్చు తక్కువ. వస్తువు అందాక పోస్టాఫీసులోనే డబ్బు కట్టే వి.పి. పద్ధతి మన దేశంలో 1877 నుంచే ఉంది. ఎక్కడో ఉన్న కొనుగోలుదారును బొంబాయిలో కూర్చుని అందుకునే వీలు అలా ఏర్పడింది. కొద్ది మూలధనంతో దిగేవాడికి ఇంతకన్నా అనువైన సరుకు దొరకడం కష్టం.

చిక్కల్లా ఒకటే. తయారు చేయడం తేలిక గనుక ఎవరైనా తయారు చేయగలరు. మరి జనం ఈ సీసానే ఎందుకు కొనాలి? నమ్మకం కుదరాలి. పేరు నోట్లో నానాలి. అమృతాంజనం అన్న పేరు చూడండి. తెలుగువాడికీ, మరాఠీవాడికీ, గుజరాతీకీ, అరవవారికీ, కన్నడిగులకూ విడిగా అర్థం చెప్పనక్కరలేని పేరు. తన భాషలోనే పేరు పెట్టుకోవాలన్న పంతం లేదు, ఇంగ్లీషు పేరు తగిలిస్తేనే అమ్ముడవుతుందన్న బెదురూ లేదు. నాలుగు భాషల నడుమ బతికే మీవంటి వారికి ఈ తెలివి నేను చెప్పేదాకా ఆగనక్కరలేదు.

అయినా సీసాలు మొదట్లో చకచకా కదిలిపోలేదు. అప్పుడు పంతులుగారు సంగీత కచేరీలు జరిగే చోట్ల అమృతాంజనాన్ని ఉచితంగా పంచారని ప్రసిద్ధి. ఇది వినడానికి సరదాగా ఉంటుంది గాని, ఆ సంచీ మోసిన మనిషి తరఫున ఆలోచిస్తే సరదా కాదు. ఒక్కొక్క సీసాలోనూ చేతి డబ్బు ఉంది. అది ఊరకే పోతోంది. రేపు వాళ్ళు కొంటారో లేదో తెలియదు. కచేరీకి వచ్చేవారు నాలుగు డబ్బులు ఖర్చు పెట్టగల స్థితిలో ఉన్నవారు, గంటల తరబడి గుంపులో కూర్చునేవారు, ఇంటికి పోయి నలుగురికి చెప్పేవారు. పైగా ఈ సరుకు రాసుకున్న నిమిషంలోనే తన సంగతి తానే చెబుతుంది. పళ్ళపొడి అయితే నెల పట్టేది. అంచేత ఆ పంపకం గుడ్డి దానం కాదు, లెక్క తెలిసిన సాహసం. ఈ పట్టుదల వెనుక ఒక అంచనా ఉంది.

బొంబాయి ఆ రోజుల్లో ప్రశాంతంగా ఉన్న ఊరు కాదు. 1896లో ప్లేగు వచ్చింది. జనం వేలకు వేలుగా ఊరు విడిచి పోయారు. కొత్తగా నిలదొక్కుకుంటున్న ఏ వ్యాపారానికైనా అది గడ్డుకాలమే. అమృతాంజనం ఆ ఏళ్ళు దాటి నిలిచింది. 1905 తరువాత వంగ విభజనకు విరుగుడుగా స్వదేశీ ఉద్యమం లేచి, దేశంలో తయారైన సరుకే కొనాలన్న కోరిక జనంలో పుట్టింది. పంతులుగారి సీసాకు అది తోడై ఉండాలి. అయితే గాలి వీచేనాటికి తెరచాప ఎత్తి సిద్ధంగా ఉన్న పడవ ఆయనది. 1893లో మొదలుపెట్టకపోయి ఉంటే 1905 ఆయనకు ఉపయోగపడేది కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పట్టుదల ఉన్నవారందరూ గెలిచారని నేను అనడం లేదు. అదే బొంబాయిలో, అదే సంవత్సరాల్లో, అంతే కష్టపడి దివాలా తీసినవారు ఉంటారు. వారి కథలు రేడియోలో చెప్పేవారు లేరు. నాగేశ్వరరావుగారికి ఇంగ్లీషు చదువు ఉంది. రైలూ, తపాలా, పత్రికా ప్రకటనలూ కొత్తగా అందివచ్చిన కాలం ఉంది. రాతిబండలు మోసిన కామాటీకి పట్టుదల తక్కువై కాదు, ఆ సదుపాయాలు లేకనే పేరు మిగలలేదు.

ఇక రెండో ఘట్టం. వ్యాపారం నిలబడింది, డబ్బు వచ్చింది. సాధారణంగా కథ ఇక్కడ ముగుస్తుంది. మేడ కడతారు, పొలం కొంటారు. పంతులుగారు 1907లో సూరత్ కాంగ్రెసుకు వెళ్ళారు. మితవాదులూ అతివాదులూ విడిపోయిన సభ అది. దేశమంతా ఉడికిపోతున్న వేళ తెలుగువారికి ఆ సంగతులు తెలుగులో చెప్పే బలమైన పత్రిక లేదన్న లోటు ఆయన మనసుకు తగిలింది. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు.

బొంబాయిలో తెలుగు వారపత్రిక! తెలుగు అచ్చు అక్షరాలు కావాలి. వాటిని కూర్చగల కంపోజిటర్లు కావాలి. ప్రూఫులు దిద్దేవారు కావాలి. చదివేవారేమో వందల మైళ్ళ దూరంలో, గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో ఉన్నారు. ఇక్కడ అచ్చయి అక్కడికి చేరేసరికి వార్త పాతబడుతుంది. వ్యాపారం ఎరిగిన మనిషికి ఈ లెక్క తెలియదా? తెలుసు. అయినా ఆరేళ్ళు అక్కడి నుంచే నడిపారు. సరిహద్దు జిల్లాల్లో ఒక చిన్న తెలుగు పత్రికో, సంఘం సంచికో నడిపినవారు మీలో ఉంటే ఆ శ్రమ ఎటువంటిదో మీకు తెలుసు. చందాదారుకు ఉత్తరం రాయడం, మళ్ళీ రాయడం, ఆఖరికి మన చేతి డబ్బు వేయడం.

అచ్చంగా ఇక్కడే అమృతాంజనం పని చేసింది. పత్రిక లోటును ఆ పసుపు సీసా పూడ్చింది. పత్రికకు కావలసిన కాగితం ఖర్చు, సిబ్బంది జీతాలు, పంపకం ఖర్చు, వీటన్నిటికీ వెనుక ఆసరాగా నిలిచింది తలనొప్పి మందు మీది లాభమే. తెలుగు పత్రికా రంగ చరిత్ర రాసేవారు సంపాదకీయాలను గురించి రాస్తారు, రాయవలసిందే. కాని ఆ సంపాదకీయానికి సిరా కొన్న డబ్బు గుజరాతీ సేటు నుదుటికి రాసుకున్న మందు నుంచి కూడా వచ్చిందన్న మాట మరువకూడదు. పొరుగువారి మధ్య సంపాదించిన డబ్బుతో మన భాషకు పత్రిక పెట్టడం, పొరుగువారితో తగవు లేకుండా పెట్టడం, నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్పగా కనబడే విషయం.

1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. ఒకప్పుడు తనకు చోటివ్వని ఊరికే పంతులుగారు తిరిగి వచ్చారు, అయితే ఈసారి వట్టి చేతులతో కాదు. కొద్ది నెలల్లోనే యూరపులో మహాయుద్ధం మొదలైంది. రోజూ వార్త కోసం జనం ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. మద్రాసు అప్పుడు ఉమ్మడి రాజధాని. ఇటు బళ్ళారి, అటు గంజాం, అన్నీ ఆ రాజధాని కిందివే. సరిహద్దు గీతలు ఇంకా పడలేదు. బరంపురంలో రైలు దిగిన పత్రికకూ, గుంతకల్లులో దిగిన పత్రికకూ ఒకే చిరునామా ఉండేది. మీ పూర్వులలో అక్షరం వచ్చినవారు ఆ కాగితం కోసం స్టేషన్లో నిలబడి ఉండవచ్చు.

ఆ తరువాతి పనులు త్వరగా చెబుతాను. 1924లో భారతి మాసపత్రిక. 1926లో ఆంధ్ర గ్రంథమాల. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో కన్నుమూయగా ఆగిపోయిన విజ్ఞాన సర్వస్వం పనిని కూడా తరువాత తానే ఎత్తుకున్నారు. గ్రంథమాలలో వెలువడిన తొలి పుస్తకాలలో పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణ అది. కర్ణాటకలో ఉన్న శ్రోతలకు ఈ పుస్తకం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కన్నడ నేలపై నడిచిన బసవేశ్వరుని కథను సోమనాథుడు తెలుగు ద్విపదలో చెప్పాడు. దాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకుపోయాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రాకపోకలు సాగించిన ఆ గ్రంథం ఇరవయ్యో శతాబ్దంలో చక్కని అచ్చులో పాఠకుడి చేతికి రావడం వెనుక కూడా ఆ సీసా ఉంది.

స్వాతంత్ర్యోద్యమంలో పంతులుగారు రాష్ట్ర కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకూ వెళ్ళారు. వ్యాపారి జైలుకు వెళ్ళడం అంటే తన అంగడిని ఇతరుల చేతిలో పెట్టి వెళ్ళడం. యజమాని లేకపోయినా నడిచేటట్టు సంస్థను కట్టుకున్నవాడికే అది సాధ్యం. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. ఒక మనిషి పట్టుదల మీద నిలిచిన పని, ఆ మనిషి తరువాత కూడా నిలవడానికి కావలసిన ఏర్పాటు అది. మన వ్యాపార కుటుంబాలు చాలా తడబడేది ఈ మెట్టు దగ్గరే. తండ్రి కూడబెట్టింది కొడుకుల వాటాల దగ్గర చీలిపోవడం షోలాపూరు నుంచి బరంపురం దాకా మీరంతా చూసినదే.

1937 నవంబరు 16న మద్రాసు మైలాపూరులోని ఆయన ఇంట్లో, శ్రీబాగ్‌లో, కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చుని ఒక ఒడంబడిక చేసుకున్నారు. అదే శ్రీబాగ్ ఒడంబడిక. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్ళడానికి మూలం ఆ కాగితమే. అయితే ఆ సమయానికే, 1936లో, బరంపురం ఒరిస్సాలో చేరిపోయింది. 1953లో బళ్ళారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, తక్కిన తాలూకాలు మైసూరుకు వెళ్ళాయి. శ్రీబాగ్ గోడల మధ్య గీసుకున్న పటంలో మీ ఊళ్ళకు చోటు మిగలలేదు. ఆ పటం తెలుగువారందరిదీ కాలేకపోయింది. రైలెక్కి వచ్చే పత్రికకు మాత్రం ఆ గీతలు అడ్డం రాలేదు.

పంతులుగారు 1938 ఏప్రిల్ 11న మరణించారు. ఆపైన అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు కంపెనీనీ, పత్రికలనూ రెంటినీ నడిపారు. చెన్నైలో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంది. పొద్దున్నే అక్కడ నడకకు వచ్చేవారిలో ఎక్కువమంది తమిళులు. ఆ నాగేశ్వరరావు ఎవరని అడిగితే కొందరు అమృతాంజనం పేరు చెబుతారు.

ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. 83 ఏళ్ళు నడిచిన పత్రికకు ఆనాడు వెనుక నిలబడి లోటు పూడ్చేవారు దొరకలేదు. అమృతాంజనం ఇవాళ్టికీ అమ్ముడవుతూనే ఉంది. మీ ఊరి కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది.